అందరూ ఆకాశం చూసే వేళ

“సంచి బాగుండాది మేడం.”

చింతామణిలో, లాకప్పు పక్క గదిలో, గిరీశ్ నాతో అన్న మొదటి మాట అది. నేనడిగింది వేరు. నీ సొంత ఊరు యాడప్పా అని అడిగాను. అతను ఆ ప్రశ్నను పక్కన పెట్టి, బల్ల మీద నేనుంచిన గుడ్డసంచి వైపు చూశాడు.

పసుపు రంగు సంచి. దాని మీద ఎర్రటి కన్నడ అక్షరాల్లో అంబిక, లోకేశ్ అని మా ఇద్దరి పేర్లు, కింద నంది అని పెళ్లి జరిగిన ఊరు, ముహూర్తం తేదీ ఉన్నాయి. వచ్చినవాళ్లకు తాంబూలం ఇవ్వడానికి వేయించిన సంచులు ఇంట్లో ఇంకా ఒక కట్ట మిగిలాయి. మా ఆయన రోజూ ఒకదాంట్లో నా క్యారియర్ పెట్టి ఇస్తాడు. ఆ పొద్దు చిత్రాన్నం. వేయించిన శనక్కాయ గింజలు మాత్రం మెత్తబడకూడదని విడిగా పొట్లం కట్టాడు. నెల కిందటిదాకా ముక్కూ మొహం తెలియని మనిషి ఇప్పుడు నా శనక్కాయల గురించి దిగులుపడుతున్నాడు. జీపు ఎక్కాక ఆ పొట్లం తడిమి చూసుకుని చాలాసేపు నవ్వుకున్నాను. అత్తమ్మ గేటు దాకా వచ్చి పంపింది. నిశ్చితార్థం నాటినుంచి ఆమె మెడలో నేను చూసిన బంగారు గుండ్లపేరు పెళ్లయినప్పటినుంచీ లేదు. మెడనొప్పంటుంది. మందు రాస్తానంటే రాయనివ్వదు.

నేను జిల్లా నేర రికార్డుల విభాగంలో సబ్ ఇన్‌స్పెక్టర్‌ని. చిక్కబళ్లాపురం కోలారు నుంచి విడిపోయి జిల్లా అయి అప్పటికి ఏడాది కాలేదు. మా ఆఫీసుకు బోర్డు వచ్చింది, బీరువాలు వచ్చాయి. వాటిలో పెట్టవలసిన పాత రికార్డులే ఇంకా రాలేదు. పైగా నాదంటూ ఒక్క కేసూ ఉండదు. ఎవరి హద్దులో నేరం జరిగితే కేసు వాళ్లది. అడిగినవాళ్లకు పాత నేరస్తుల వివరాలు వెతికి ఇవ్వడమే నా పని.

“ఊరు అడిగితిని.”

“చింతామణే మేడం. మదనపల్లె రోడ్డు.”

అతను రాయించిన ఆ చిరునామాకు మా డ్రైవర్ ఆంజనేయప్ప పొద్దున్నే వెళ్లి వచ్చాడు. అక్కడ ఉన్నది సైకిల్ షాపు.

“ఏం పని చేస్తావు?”

“పూలు కడతా. మంటపానికి, జడలకి, దండలకి.”

“దొంగతనం?”

“ఇదే మొదటిసారి మేడం. బుద్ధి గడ్డి తినింది. సొమ్ము తిరిగిచ్చేసినా. జడ్జిగారి ముందర తప్పు ఒప్పుకుంటా. ఇంట్లో ముసలామె ఉండాది, దయ చూపించమని అడుక్కుంటా.”

ఎక్కడా తడబడలేదు. పురోహితుడు సంకల్పం చెప్పినట్టు చెప్పాడు.

పోయిన వారం చింతామణిలో ఒక పెళ్లిలో పెళ్లికూతురి మేనత్త గొలుసు పోయింది. గొలుసుతో పాటు గిరీశ్ దొరికాడు. దొరికిన తీరు వింతగా ఉంది. వెనక గుమ్మం తెరిచే ఉంది, గొలుసు జేబులోకి వచ్చేసింది, పరిగెత్తవలసిన మనిషి ముందు గుమ్మం దగ్గర తాంబూలం వరసలో నిలబడ్డాడు. కొబ్బరికాయ సంచి చేతికి అందేసరికి లోపల కేక పడింది.

“గొలుసు ఎప్పుడు తీసినావు?”

“అరుంధతిని చూపించేదానికి అయ్యవారు అందరినీ బయటికి పిల్చినారు గదా, అప్పుడు.”

మా పెళ్లిలోనూ అంతే. ఎర్రటి ఎండలో అయ్యవారు వేలు పైకెత్తి అదిగో అరుంధతి అన్నాడు. కనిపించిందా అని లోకేశ్‌ను అడిగితే, నీకు కనిపిస్తే నాకూ కనిపించినట్టే అన్నాడు. ముసలివాళ్లు, పిల్లలు, వంటవాళ్లు కూడా బయటికి వచ్చి తలలెత్తారు. పెళ్లింట్లో గదులన్నీ ఒకేసారి ఖాళీ అయ్యేది ఆ కాసేపే. ఎన్ని వందల పెళ్లిళ్లకు పోయినా మాలో ఒక్కరికీ తట్టని సంగతి ఇతనికి తట్టింది.

“బాగేపల్లిలో కూడా అరుంధతి వేళలోనే వంకీ పోయిందప్పా.”

“బాగేపల్లి ఎట్లుంటాదో కూడా నాకు తెలీదు మేడం.”

చెబుతూ ఎడమ చెవి తడుముకున్నాడు. ఆ చెవి తమ్మె నిలువునా చీలి ఉంది.

బయట వరండాలో ఇన్‌స్పెక్టర్ రామకృష్ణప్ప కాఫీ తాగుతున్నాడు. పెళ్లిళ్ల కాలంలో దొంగతనాలు పెరిగాయని వేసిన ప్రత్యేక దళానికి ఆయన పెద్ద. గిరీశ్‌ను పట్టుకున్నది ఆయనే. బాగేపల్లిలో వంకీ పోయినందుకు పెళ్లికూతుర్ని అలంకరించే ప్రతిమ అనే అమ్మాయిని అరెస్టు చేసిందీ ఆయనే.

“ఏమ్మా కొత్త పెళ్లికూతురా, అయిందా విచారణ? ఇంటికి పో, వాకిట్లో ముగ్గేసుకో.”

“ముగ్గు పొద్దున్నే వేసొచ్చినా సార్. రెండు దొంగతనాలూ ఒకే తీరుగా ఉండాయి. ప్రతిమ చేసింది కాదేమో.”

“గదిలో ఉండింది ఆ పిల్ల ఒక్కతే.”

“ఆ యమ్మి కూడా అరుంధతిని చూడను బయటికి పోయినానని చెప్తాంది గదా.”

“చూసినోళ్లు ఒక్కరన్నా ఉండారా?”

ఉండరు. అందుకు మొన్న ప్రతిమ నాతో చెప్పిన జవాబు నేను మరిచిపోలేదు. అందరూ పైకి చూస్తాంటే నన్నెవరు చూసింటారు మేడం, అంది.

“ఈ పొద్దు మూడింటికి బాగేపల్లిలో ఆ పిల్ల ఒప్పుకుంటాది. అదే మూడింటికి ఈడ వీడు ఒప్పుకుంటాడు. ఇద్దరిదీ మొదటి తప్పే. జడ్జిగారు మందలించి పంపిస్తారు. ఎవరికీ నష్టంలేదు.” రామకృష్ణప్ప లోటా కింద పెట్టాడు. “రెండు కేసులూ కలిపితే నేను తప్పు మనిషిని పట్టుకున్నానని నా నోటితోనే చెప్పల్ల. చెప్తానా?”

ఆ నిజాయితీకి ఒక సెల్యూట్ కొట్టి మెట్లు దిగాను.

గేటు దగ్గర కాపలా కానిస్టేబుల్‌ను ఒకే ఒక్క మాట అడిగాను. గిరీశ్‌కు అన్నం ఎవరు తెస్తున్నారని. దళంలో ఎవరూ అడగని ప్రశ్న అది.

“ముసలామె మేడం. చిక్కబళ్లాపురం మొదటి బస్సులో వస్తాది. పూలమార్కెట్టు ఎనకాల ఇల్లంట.”

చిక్కబళ్లాపురం. అంటే మా ఊరే.

పూలమార్కెట్టు వెనక సందులో అడిగితే, చెవి చీలిన పూల గిరీశ్ ఇల్లు చిన్నపిల్లలు కూడా చూపించారు. ఇరుగుపొరుగు ఇద్దర్ని సాక్షులుగా పిలుచుకుని లోపలికి వెళ్లాను. తల్లి సుబ్బలక్ష్మమ్మ చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది.

“మావాడు తిన్నాడామ్మా?”

“తిన్నాడు. ఇల్లు చూడొచ్చునా అమ్మా?”

“చూడు తల్లీ. ఏముండాది దాచేదానికి.”

నిజంగానే ఏమీ దాచలేదు. బంగారం లేదు, ట్రంకు పెట్టె లేదు. వంట చేసుకునే మూల గోడకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా మేకులు కొట్టి ఉన్నాయి. ఒక్కో మేకుకూ ఒక్కో గుడ్డసంచి. పసుపు, ఆకుపచ్చ, గులాబీ, నీలం రంగులు. రాగులొక దాంట్లో, కందిపప్పొక దాంట్లో, చింతపండు, ఎండుమిరప, ఉప్పు. తాంబూలం సంచి పారేసే ఇల్లు మా వైపు ఎక్కడా ఉండదు. మా అమ్మ ఇంట్లోనూ ఇలాగే ఉంటాయి. అందుకే మొదట నా కళ్లు వాటి మీదినుంచి జారిపోయాయి.

తర్వాత చదవడం మొదలుపెట్టాను.

కొన్నింటి మీద కన్నడ అక్షరాలు, కొన్నింటి మీద తెలుగు. బాగేపల్లి. గౌరిబిదనూరు. హిందూపురం. మదనపల్లె. మళ్లీ హిందూపురం. ప్రతిదాని మీదా ఒక పెళ్లికూతురు, ఒక పెళ్లికొడుకు, ఒక తేదీ. రెండు రాష్ట్రాలు, ఎన్నో ఠాణాలు. ఒక ఠాణాకు ఇంకో ఠాణా సంగతి తెలియదు. ఆ గోడకు మాత్రం అన్నీ తెలుసు. మా కొత్త బీరువాల్లో లేని రికార్డు ఈ ముసలామె వంటమూలలో పప్పూ ఉప్పూ మోస్తూ వేలాడుతోంది. కాసేపు నేను పోలీసునన్న సంగతి మరిచిపోయి, గుళ్లో నిలబడినట్టు నిలబడిపోయాను.

“ఇన్ని పెళ్లిళ్లకి పోయినాడామ్మా?”

“పూలవాడు గదమ్మా. నాకు అక్షరాలు రావు, రంగుతో గుర్తు పెట్టుకుంటా. ఇది హిందూపురందని, ఇది మదనపల్లెదని వాడే చెప్తాడు.” ఆమె మొహంలో గర్వం. “తాంబూలం తీసుకోకుండా ఏ ఇంటినుంచీ రాడు. అట్లా వస్తే ఆ ఇంటికి కీడు గదా. అంత మర్యాదస్తుడు నా కొడుకు.”

దోచిన ఇంటికి కీడు జరగకూడదని దొంగ తాంబూలం తీసుకుంటాడు. బాగేపల్లి సంచి దించి చూశాను. ప్రతిమ జడ వేసిన పెళ్లికూతురి పేరే. తేదీ కూడా అదే.

తలుపు వెనక ఇంకో మేకు ఉంది. దాని మీది సంచి పసుపు రంగుది, కొత్తది, ఇంకా ఏమీ పొయ్యనిది.

“అది మొన్న నందిలో పెళ్లిదమ్మా. గట్టి గుడ్డ. పసుపు కొమ్ములకి పెట్టుకున్నా.”

నా భుజానికి వేలాడుతున్న క్యారియర్ సంచిని దాని పక్కన పెట్టాను. నా వెనకాలే లోపలికి వచ్చిన ఆంజనేయప్ప ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

రెండూ ఒకటే. అంబిక, లోకేశ్.

“మేడం, మీ పెళ్లిలో ఏమన్నా పోయిందా?”

“ఏమీ పోలేదు.”

ఏమీ పోకపోతే అతనెందుకు వచ్చినట్టు?

సంచులన్నీ సాక్షుల ముందర సీలు వేయించి జీపులో పెట్టించాను. పప్పులూ ఉప్పూ పోసుకోవడానికి పక్కింటినుంచి డబ్బాలు అడిగి ఇప్పించాను. హిందూపురానికి, మదనపల్లెకి ఫోన్లు చేశాను. ఇన్నాళ్లూ నా దగ్గర లేనిది ఎక్కడ అడగాలన్న సమాచారం. ఇప్పుడు ఊరూ తేదీ పెళ్లివారి పేర్లూ సంచి మీదే ఉన్నాయి.

చిత్రాన్నం సగం తినేలోపే హిందూపురం పలికింది. రెండేళ్ల కిందట ఆ పెళ్లిలో దొరికినవాడి పేరు మునినారాయణ. పూలవాడు. సొమ్ము తిరిగిచ్చాడు, తప్పు ఒప్పుకున్నాడు. మొదటి తప్పని మంచి నడవడికి పూచీ రాయించుకుని వదిలేశారు. గుర్తులు చదవమన్నాను.

“ఎడమ చెవి తమ్మె చీలి ఉండాది మేడం.”

శనక్కాయ పొట్లం విప్పుతుండగా మదనపల్లె పలికింది. పోయిన ఏడాది. పేరు పిళ్ళప్ప. పూలవాడు. సొమ్ము తిరిగిచ్చాడు, ఒప్పుకున్నాడు. అక్కడ మాత్రం మూడు నెలల శిక్ష పడింది. ఎడమ చెవి తమ్మె చీలింది. వేలిముద్రల కాగితం భద్రంగా ఉంది.

మూడు పేర్లు, ఒకటే చెవి. పేరు మార్చుకోవచ్చు, ఊరు మార్చుకోవచ్చు, వేలి మీది గీతలను మార్చుకోలేడు. ఆ గీతలు ఒకచోట చేరడానికి ఆలస్యం కావచ్చు, అంతే. ఒకసారి ఇలాంటి దొంగతనానికి శిక్ష పడినవాడు మళ్లీ అదే చేస్తే, శిక్షాస్మృతి డెబ్బై ఐదో సెక్షను కింద యావజ్జీవం దాకా పోవచ్చు. ఆ శిక్ష ఏ రాష్ట్రం కోర్టు వేసినా లెక్కలోకి వస్తుంది. చట్టం సరిహద్దు దాటి కూడా గుర్తు పెట్టుకుంటుంది. గుర్తు చేసేవాళ్లు ఉండాలి.

రామకృష్ణప్పకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

“ఫోన్లో మాట కోర్టులో చెల్లదమ్మా. తీర్పు నకలు తే, సర్టిఫై చేసింది. లేదంటే నువ్వే చింతామణికి వచ్చి జడ్జిగారిని గడువు అడుక్కో.”

“మీరే అడగండి సార్. ఒక్క మాట.”

“నేను అడగను.”

“మూడింటికి బాగేపల్లిలో ప్రతిమ ఒప్పుకోబోతాంది. నేను ఆడికి పోవల్ల.”

“అయితే ఒక కాలు ఆడ పెట్టు, ఇంకో కాలు ఈడ పెట్టు.” ఫోన్ పెట్టేశాడు.

చింతామణి తూర్పున, బాగేపల్లి ఉత్తరాన. రెండు కోర్టులు, ఒకటే మధ్యాహ్నం. ఆంజనేయప్ప ఇంజిన్ ఆన్ చేసి, ఏ దిక్కుకు తిప్పాలో అడగకుండా నా మొహం చూశాడు.

గిరీశ్ జారిపోతే మళ్లీ పట్టుకోవచ్చు. ప్రతిమ నోటినుంచి ఆ ఒక్క మాట జారితే దాన్ని పట్టుకోవడం నా వల్ల కాదు.

“బాగేపల్లికి పోనీ అప్పా.”

కోర్టు వరండాలో ప్రతిమ గోడకానుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్లుంటాయి. గోళ్లలో ఇంకా గోరింటాకు మరక. పక్కన ఆమెకోసం కోర్టు నియమించిన లాయరు వెంకటరామప్ప.

“ఒప్పుకుంటే సాయంత్రానికి ఇంటికి పోవచ్చునంట మేడం.”

“తీసినావా?”

“లేదు.”

“మరెందుకు ఒప్పుకుంటావు?”

“లేదు లేదని చెప్పి చెప్పి అలిసిపోయినా.”

నేను ఆమె పక్కన నేల మీదే కూర్చున్నాను. “ఈ పొద్దు ఔనంటే ఇంటికి పోతావు. రేపు నువ్వు జడ వేసిన ఏ పెళ్లిలో ఏది పోయినా పోలీసులు మొదట నీ ఇంటికే వస్తారు. అప్పుడు నీది రెండోసారి అవుతాది. రెండోసారికి ఈ దయ ఉండదు. అసలు నిన్ను జడ వెయ్యమని పిలిచేదెవరు?”

వెంకటరామప్ప ఏదో అనబోయాడు. నేను బాగేపల్లి సంచిని, సీలు కనబడేలా, వాళ్లిద్దరి ముందర పెట్టాను. ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివాడు.

“కేసు కొట్టేసేదానికి ఇది చాలదమ్మా,” అన్నాడు మెల్లిగా. “కానీ కాదని చెప్పేదానికి చాలు.”

ప్రతిమ సంచి మీది పెళ్లికూతురి పేరును వేలితో తాకింది. “ఆ యమ్మికి ఏడు వరసల జడ వేసినా మేడం. వేసినంక బయటికి పోయి నేనూ చూసినా. నిజంగా కనిపించింది నాకు.”

ఎండలో అరుంధతి కనిపించిందని మనస్ఫూర్తిగా చెప్పిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

లోపల జడ్జిగారు కాగితం చదివి అడిగారు. తప్పు ఒప్పుకుంటున్నావా? ప్రతిమ నా వైపు చూడలేదు. ఆయన వైపే చూసింది.

“లేదు సామీ. నేను తియ్యలేదు.”

గొంతు వణకలేదు. వెంకటరామప్ప లేచి కొత్త ఆధారం సంగతి చెప్పి బెయిలు అడిగాడు. బెయిలు దొరికింది. పూచీ కాగితాలు పూర్తయ్యేసరికి ఆరు కావచ్చింది. వరండాలోకి వచ్చాక ప్రతిమ నా జడ పట్టుకుని చూసి, ఈ జడ ఎవరు వేసినారో గానీ పాయలు సరిగ్గా తియ్యలేదు అంది. ఆ విమర్శకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అప్పుడే రామకృష్ణప్ప ఫోన్ వచ్చింది.

“మూడు దాటినంక వదిలేసినారమ్మా గిరీశ్‌ను. మొదటి తప్పంట. చెయ్యెత్తి అందరికీ దండం పెట్టి బస్సెక్కినాడు.”

ఆయన గొంతులో గెలిచిన సంబరమేమీ లేదు. ప్రతిమ బెయిలు సంగతి అప్పటికే తెలిసినట్టుంది.

జీపు ఎక్కబోతుంటే మళ్లీ ఫోన్ మోగింది. ఇంటి నంబరు. అత్తమ్మ లక్ష్మీదేవమ్మ.

“అంబికా, తిన్నావా? నీకొక సంగతి చెప్పల్లమ్మా. కోప్పడద్దు.” ఆమె గొంతు సంతోషంతో పొంగుతోంది. “మీ పెళ్లినాడు నా గుండ్లపేరు పోయింది. కొక్కెం వదులైందని తీసి పెట్టెలో పెట్టింటి, అరుంధతిని చూసి లోపలికి వస్తే లేదు. ముహూర్తంలో బంగారం పోయిందంటే జనం కోడలి కాలు మంచిది కాదంటారు. నిన్ను ఒక్క మాట అననీకూడదని నోరు మూసుకున్నా. లోకేశ్‌కు కూడా చెప్పలే.”

నేను జీపు తలుపు పట్టుకున్నాను. మెడనొప్పి. రాయనివ్వని మందు. నా మీద ఒక్క మాట పడకూడదని అంత బంగారాన్ని, అంత దిగులును ఒక్కతే మింగింది. ఇలా మింగిన అత్తలు ఎన్ని ఊళ్లలో ఉన్నారో. గిరీశ్ నమ్ముకున్నది ఖాళీ గదులనే అనుకున్నాను. ఈ మౌనాన్ని కూడా నమ్ముకున్నాడు.

“ఇప్పుడెందుకు చెప్తాండారత్తమ్మా?”

“దొరికింది గదా. మన పెళ్లికి పూలు కట్టిన అబ్బాయంట, చెవి చీలి ఉండాది పాపం. మంటపం విప్పేటప్పుడు పూలల్లో దొరికిందంట. ఇంటికి తెచ్చిచ్చినాడు. ఇట్లాంటోళ్లు కూడా ఉండారమ్మా లోకంలో. కాఫీ ఇచ్చినా, తాగుతాండాడు.”

సంచులు ఎవరు తీసుకెళ్లారో తల్లి చెప్పి ఉంటుంది. ప్రతి ఊళ్లోనూ చేసిందే మా ఇంట్లోనూ చేస్తున్నాడు. సొమ్ము ముందే తిరిగిచ్చి చేతులు జోడించడం. ఒక్క మదనపల్లెలో తప్ప అన్నిచోట్లా అదే అతన్ని కాపాడింది. కానీ నంది ఉన్నది మా చిక్కబళ్లాపురం హద్దులో. మదనపల్లె శిక్ష పడింది మా పెళ్లికి ముందు. దొంగ సొమ్ము ఇన్నాళ్లూ ఎవరి దగ్గరుందో అతనే చేతులారా మా అత్తమ్మకు చూపించాడు. నాదంటూ ఒక్క కేసూ లేని నాకు, కేసు తానే నడిచి ఇంటికి వచ్చి కాఫీ తాగుతోంది.

ఆంజనేయప్పకు సైగ చేశాను. అతను అప్పటికే వైర్‌లెస్‌లో చిక్కబళ్లాపురాన్ని పిలుస్తున్నాడు.

ఫోన్లో లోటా కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత, దూరంగా, ఆ నున్నటి గొంతు. “ఇంక పొయ్యొస్తానమ్మా.”

“అత్తమ్మా,” అన్నాను, గొంతు మామూలుగా ఉంచుకుని. “తాంబూలం ఇయ్యకుండా పంపిస్తారా? కూర్చోమనండి. నేనే వచ్చి నా చేత్తో ఇస్తా.”